చరిత్ర పరిశోధన పత్రాల్లో గ్రంథాలను ఉదహరించడం: తొలి నోటు నుంచి తుది సరిచూపు వరకు

చరిత్ర శాఖల్లో పరిశోధన మొదలుపెట్టిన విద్యార్థులు, పత్రికలకు తొలి వ్యాసం పంపుతున్న అధ్యాపకులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. రచయిత పేరు, పుస్తకం పేరు, పుట సంఖ్య ఇచ్చినా సమీక్షకులు పాదసూచికలను సరిచేయమని ఎందుకు తిప్పి పంపుతున్నారు? చాలా సందర్భాల్లో కారణం కామాలు, చుక్కలు కావు. ఇచ్చిన వివరాలను పట్టుకుని మరొకరు అదే ముద్రణలోని అదే పుటను తెరవలేకపోవడమే అసలు కారణం.

మీరు చూసిన ప్రతిలో మీరు చూసిన పుటకు చదువరిని చేర్చడమే పాదసూచిక పని. కింద చెప్పే నియమాలన్నీ దాని నుంచి పుట్టినవే. నమూనాలన్నిటినీ ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను, పుట సంఖ్య రావలసిన చోట సున్నాలు ఉంచాను. ఇంగ్లీషు పత్రంలో ఇదే వరుస రోమన్ లిపిలో వస్తుంది.

1. ముందుగా ఏ పద్ధతో తేల్చుకోండి

మొదట మీ విశ్వవిద్యాలయం లేదా మీరు పంపబోయే పత్రిక ఇచ్చిన సూచనల పత్రాన్ని చదవండి. అందులో ఏది ఉంటే అదే చెల్లుతుంది, ఈ వ్యాసంలోని సలహా దానికి తరువాతదే.

సూచనలు ఏవీ లేకపోతే, రచనా నియమాలు చెప్పే షికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్ అనే ఇంగ్లీషు గ్రంథంలోని పాదసూచిక–గ్రంథసూచి పద్ధతిని తీసుకోండి. సామాజిక శాస్త్రాల్లో వాడే 'రచయిత–సంవత్సరం' పద్ధతి, అంటే ఆ రెండు వివరాలను వాక్యంలోనే కుండలీకరణాల్లో ఇవ్వడం, చరిత్రకు అంతగా ఇమడదు. శాసనాలకు, కైఫీయతులకు (గ్రామ చరిత్రల రాతలకు), ప్రభుత్వ దస్త్రాలకు చాలా సార్లు రచయిత పేరే ఉండదు. వాటిని కుండలీకరణాల్లో ఇరికిస్తే వాక్యం నడక చెడుతుంది.

షికాగో మాన్యువల్ 17వ కూర్పు 2017లో, 18వ కూర్పు 2024లో వచ్చాయి. 18వ కూర్పు ఆధునిక గ్రంథాలకు ప్రచురణ స్థలం ఇవ్వనవసరం లేదని చెబుతోంది. తెలుగు చరిత్ర గ్రంథాల విషయంలో మాత్రం స్థలం ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం. ఒకే పుస్తకాన్ని వేర్వేరు ఊళ్ల ప్రచురణకర్తలు వేసిన సందర్భాలు మనకు ఎక్కువ, ప్రచురణ సంస్థ పేరు ఒక్కటే చూసి ప్రతిని గుర్తుపట్టడం కష్టం. ఏ కూర్పును అనుసరించినా పత్రం మొత్తం ఒకే తీరున ఉండాలి.

2. పుస్తకం చేతిలో ఉండగానే రాసుకోవలసినవి

వేటపాలెం సారస్వత నికేతనంలోనో, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలోనో, హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలోనో కూర్చుని చదివిన పుస్తకం రేపు మీ ఇంట్లో ఉండదు. కాబట్టి చదవడం మొదలుపెట్టక ముందే వివరాలు రాసుకోవాలి.

వివరాలను అట్టమీద నుంచి తీసుకోకండి. అట్టమీద పేరును కుదించి వేస్తారు, ఉపశీర్షికను వదిలేస్తారు. లోపలి టైటిల్ పేజీ, దాని వెనకవైపు ఉండే ఇంప్రింట్ పేజీ, ఈ రెండే ప్రమాణం. పాత తెలుగు పుస్తకాల్లో ముద్రణాలయం పేరు కొన్నిసార్లు చివరి పుట అడుగున ఉంటుంది కనుక అదీ చూడండి.

రాసుకోవలసిన పట్టిక:

- రచయిత పేరు, టైటిల్ పేజీలో ఉన్నది ఉన్నట్టుగా
- సంపాదకుడు, అనువాదకుడు ఉంటే వారి పేర్లు
- గ్రంథం పూర్తి పేరు, ఉపశీర్షికతో సహా
- సంపుటి లేదా భాగం సంఖ్య, ఆ సంపుటికి విడిగా పేరుంటే అది
- ఎన్నో కూర్పు, ఎన్నో ముద్రణ
- ప్రచురణ స్థలం, ప్రచురణకర్త
- మీ చేతిలోని ప్రతి అచ్చయిన సంవత్సరం, తొలి ముద్రణ సంవత్సరం
- మీరు తీసుకున్న విషయం ఉన్న పుట
- గ్రంథాలయం పేరు, అక్కడి పుస్తకం సంఖ్య (ఇది మీ నోటుకే, పాదసూచికలోకి రాదు)

ఇంప్రింట్ పేజీ దగ్గర మూడు చోట్ల జాగ్రత్త అవసరం.

మొదటిది, 'ప్రతులకు' అన్న మాట కింద ఉండే చిరునామా. అది పుస్తకం దొరికే చోటు, విక్రేతదో పంపిణీదారుదో రచయిత ఇంటిదో కావచ్చు. దాన్ని ప్రచురణకర్తగా రాస్తే తప్పు. రచయితే సొంతంగా వేసుకున్న పుస్తకమైతే 'రచయిత ప్రచురణ' అని రాయండి.

రెండవది, 'ముద్రణ' అన్న మాట పక్కన ఉండే ప్రెస్సు పేరు. ప్రెస్సు అచ్చువేస్తుంది, ప్రచురణకర్త వేరు. ప్రచురణకర్త పేరు ఎక్కడా లేనప్పుడు మాత్రమే, ఆ సంగతి చెబుతూ ప్రెస్సు పేరు ఇవ్వవచ్చు.

మూడవది, సంవత్సరం. పాత పుస్తకాల్లో ప్రభవాది నామం మాత్రమే ఉండవచ్చు. 'విరోధి' అని ఉంటే అది 1889-90, 1949-50, 2009-10 మూడింటిలో ఏదైనా కావచ్చు. కాగితం, అచ్చు, పీఠిక చివరి తేదీ, గ్రంథంలో ప్రస్తావించిన ఇతర పుస్తకాలు చూసి తేల్చుకున్నాక 'విరోధి [1949-50]' అని రాయండి. ఉగాది నుంచి ఉగాది దాకా సాగే ఏడాది రెండు క్రీస్తు సంవత్సరాల్లో పడుతుంది, నెల తెలియకపోతే ఒకే సంఖ్యను ఖాయం చేయకండి. మీరు ఊహించి చేర్చినదంతా చదరపు కుండలీకరణాల్లోనే ఉండాలి. ఏ ఆధారమూ దొరకకపోతే 'సంవత్సరం లేదు' అని రాయడమే నిజాయితీ.

3. కూర్పు వేరు, ముద్రణ వేరు

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. పాఠాన్ని సవరించి, పెంచి లేదా తగ్గించి మళ్లీ వేస్తే అది కొత్త కూర్పు. ఉన్న పాఠాన్నే మళ్లీ అచ్చు వేస్తే అది పునర్ముద్రణ. మన ప్రచురణకర్తలు ఈ రెండింటికీ 'ద్వితీయ ముద్రణ' అనే వాడుతుంటారు. కాబట్టి ఆ మాటను మాత్రమే నమ్మకుండా పీఠిక చదవాలి. 'ఈ ముద్రణలో రెండు అధ్యాయాలు చేర్చాను' అని రచయిత చెప్పి ఉంటే అది నిజానికి కొత్త కూర్పే.

పునర్ముద్రణలో పాఠం మారకపోయినా, అక్షరాలు కొత్తగా కూర్చినప్పుడు పుటలు మారిపోతాయి. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో తొలిసారి వెలువడింది, ఆ తరువాత చాలా సార్లు అచ్చయింది. ఇటీవలి ప్రతిలోని పుట సంఖ్యను 1949 పక్కన రాస్తే, పాత ప్రతి తెరిచిన చదువరికి ఆ పుటలో వేరే విషయం కనిపిస్తుంది. సరైన రూపం ఇది:

సురవరం ప్రతాపరెడ్డి, ఆంధ్రుల సాంఘిక చరిత్ర (1949, పునర్ముద్రణ, మీ ప్రతి స్థలం: ప్రచురణకర్త, సంవత్సరం), పు. 00.

తొలి సంవత్సరాన్ని ఎందుకు ఇవ్వాలంటే, ఆ అభిప్రాయం ఏ కాలానిదో చదువరికి తెలియాలి. 1949లో రాసిన మాటను ఇటీవలి పరిశోధన ఫలితంగా చూపితే వాదమే తారుమారవుతుంది.

ఒకే గ్రంథం రెండు దేశాల్లో రెండు సంస్థల నుంచి రావడమూ ఉంది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్‌మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి రాసిన 'టెక్స్‌చర్స్ ఆఫ్ టైమ్' ఢిల్లీలో పర్మనెంట్ బ్లాక్ నుంచి 2001లో, న్యూయార్కులో అదర్ ప్రెస్ నుంచి 2003లో వచ్చింది. మీరు చదివింది ఢిల్లీ ప్రతి అయితే ఢిల్లీ, 2001 అనే రాయాలి. నెట్‌లో కేటలాగు చూసి న్యూయార్కు వివరాలు దింపుకోకూడదు.

4. పేర్లు: ఇంటిపేరు దగ్గర తడబడకుండా

తెలుగు పేర్లలో ఇంటిపేరు ముందే ఉంటుంది. అందువల్ల తెలుగు పత్రంలో పాదసూచికకూ గ్రంథసూచికీ పేరును తిప్పవలసిన అవసరం లేదు. 'మల్లంపల్లి సోమశేఖరశర్మ' రెండు చోట్లా అలాగే ఉంటుంది, మధ్యలో కామా రాదు. పాశ్చాత్యుల పేర్లను మాత్రం గ్రంథసూచిలో 'సీవెల్, రాబర్ట్' అని తిప్పి కామా పెట్టాలి.

ఇంగ్లీషు పత్రంలో కష్టం మొదలవుతుంది. చివరి మాటనే ఇంటిపేరు అనుకుని 'శర్మ, ఎం. ఎస్.' అనీ, 'శాస్త్రి, పి.వి.పి.' అనీ రాస్తుంటారు. శర్మ, శాస్త్రి, రావు, రెడ్డి వ్యక్తి పేరులో భాగాలు. గ్రంథాలయ కేటలాగుల్లో ఆ రచయితలు 'సోమశేఖరశర్మ, మల్లంపల్లి' గానూ, 'పరబ్రహ్మశాస్త్రి, పి.వి.' గానూ ఉంటారు. శర్మ, శాస్త్రి కింద వెతికితే దొరకరు. 'నారాయణరావు, వెల్చేరు' కూడా ఇలాంటిదే.

టైటిల్ పేజీలో పొడి అక్షరాలు ఉంటే పొడి అక్షరాలే ఉంచండి. ఒకే రచయిత పేరు ఒక పుస్తకంలో ఒకలా, ఇంకో పుస్తకంలో ఇంకోలా ఉంటే గ్రంథసూచిలో ఒకే రూపాన్ని ఎంచుకుని పుస్తకాలన్నిటినీ దాని కింద చేర్చండి. పేరు ముందు డాక్టర్, ప్రొఫెసర్, ఆచార్య వంటివి చేర్చవద్దు.

5. పాదసూచిక రాసే వరుస

ఒక గ్రంథం మొదటిసారి వచ్చినప్పుడు పూర్తి వివరం, తరువాత కుదించిన రూపం, చివర గ్రంథసూచిలో మరొక రూపం. ఒకే పుస్తకంతో మూడింటినీ చూడండి.

తొలి పాదసూచిక:
రాబర్ట్ సీవెల్, ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్ (విజయనగర్) (లండన్: స్వాన్ సోనెన్‌షైన్, 1900), పు. 00.

తరువాతి పాదసూచిక:
సీవెల్, ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్, పు. 00.

గ్రంథసూచి:
సీవెల్, రాబర్ట్. ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్ (విజయనగర్). లండన్: స్వాన్ సోనెన్‌షైన్, 1900.

పాదసూచికలో అంశాల మధ్య కామాలు, ప్రచురణ వివరాలకు కుండలీకరణాలు, చివర పుట. గ్రంథసూచిలో అంశాల మధ్య చుక్కలు, కుండలీకరణాలు లేవు, మొత్తం పుస్తకానికి పుట సంఖ్య లేదు. పుస్తకం పేరు వాలు అక్షరాల్లో ఉండాలి. తెలుగు ఫాంటు వాలితే చదవడం కష్టమైతే అన్నిచోట్లా ఒంటి ఉద్ధరణ చిహ్నాలు వాడండి.

మన సిద్ధాంత గ్రంథాల్లో 'పైదే', 'పై గ్రంథం', 'పూర్వోక్తం' అనే మాటలు ఎక్కువగా కనిపిస్తాయి. వాటిని మానేయమని గట్టిగా చెబుతాను. రెండు పాదసూచికల మధ్య కొత్తది ఒకటి చేరగానే 'పైదే' వేరే పుస్తకాన్ని చూపిస్తుంది, ఆ సంగతి ఎవరూ గమనించరు. షికాగో 17వ కూర్పు కూడా ఇలాంటి మాటల కంటే కుదించిన రూపానికే మొగ్గు చూపింది.

సంక్షిప్తాల్లో ఒక చిక్కు ఉంది. 'సం.' అంటే సంపుటి, సంపాదకుడు, సంవత్సరం, సంఖ్య, నాలుగూ కావచ్చు. 'సంపు.', 'సంపా.' అని విడదీసి రాయండి, సంవత్సరానికీ సంఖ్యకూ పూర్తి మాట వాడండి. పుటకు 'పు.', ఒకటి కంటే ఎక్కువైతే 'పుటలు' అని పెట్టుకుంటే సరిపోతుంది.

6. మామూలు వరుసకు లొంగని గ్రంథాలు

*సంకలనంలోని అధ్యాయం.* గులాం యాజ్‌దానీ సంపాదకత్వంలో 1960లో వచ్చిన దక్కన్ ప్రాచీన చరిత్రలో కాకతీయుల భాగాన్ని నేలటూరి వేంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖరశర్మ రాశారు. ఆ మాటలు వారివి, యాజ్‌దానీవి కావు. కాబట్టి ముందు వారి పేర్లు, అధ్యాయం పేరు ఉద్ధరణ చిహ్నాల్లో, తరువాత గ్రంథం పేరు, 'సంపా. గులాం యాజ్‌దానీ', ప్రచురణ వివరాలు, పుట రావాలి. సంపాదకుడి పేరుతో మాత్రమే ఉదహరించడం పత్రాల్లో చాలా తరచుగా కనిపించే లోపం.

*అనేక సంపుటాల గ్రంథం.* హెచ్.కె. షేర్వానీ, పి.ఎం. జోషీ సంపాదకులుగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన మధ్యయుగ దక్కన్ చరిత్ర మొదటి సంపుటి 1973లో, రెండవది 1974లో వచ్చింది. పాదసూచికలో మీరు వాడిన సంపుటి సంఖ్య, ఆ సంపుటి సంవత్సరం ఇవ్వండి. రెండూ వాడితే గ్రంథసూచిలో '2 సంపుటాలు, 1973-74' అని చేర్చండి.

*శాసన సంపుటాలు.* వీటిలో పుట కంటే శాసనం సంఖ్య ముఖ్యం. 'సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్, సంపు. 10, శాసన సంఖ్య 00, పంక్తులు 00' అన్నది సరైన రూపం. శకవర్షాన్ని క్రీస్తు శకంలోకి మార్చి ఇచ్చేటప్పుడు రెండూ రాయండి. సాధారణంగా 78 కలపాలి, కానీ మాఘ, ఫాల్గుణాలు క్రీస్తు శకం ప్రకారం మరుసటి ఏడాదిలో పడతాయి. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని రుద్రదేవుడి శాసనం శక 1084 చిత్రభాను మాఘ మాసానిది, అది 1163 జనవరి. 78 మాత్రమే కలిపితే 1162 అని తప్పు పడుతుంది.

*ఒక గ్రంథంలో కనిపించిన మరొకరి మాట.* దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి. కృష్ణదేవరాయల కాలంలో విజయనగరాన్ని చూసిన డొమింగో పేస్ రాతను మనలో ఎక్కువమంది సీవెల్ పుస్తకంలోనే చదువుతాం. పేస్ రాసింది పోర్చుగీసులో. ఆ మూలాన్ని డేవిడ్ లోపెస్ 1897లో లిస్బన్‌లో అచ్చువేశారు. సీవెల్ దానికి చేసిన ఇంగ్లీషు అనువాదం 1900లో వచ్చింది. మీరు ఇంగ్లీషు నుంచి తెలుగు చేసి పత్రంలో పెడతారు. అంటే పేస్ మాట మీ చదువరిని చేరేసరికి రెండు అనువాదాలు దాటుతుంది.

'డొమింగో పేస్, పు. 00' అని మాత్రమే రాస్తే మీరు పోర్చుగీసు మూలం చూశారని చదువరి అనుకుంటారు. రాయవలసింది ఇలా:

డొమింగో పేస్ వృత్తాంతం, అను. రాబర్ట్ సీవెల్, ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్ (విజయనగర్) (లండన్: స్వాన్ సోనెన్‌షైన్, 1900), పు. 00. తెలుగు అనువాదం నాది.

ఇతర గ్రంథకర్తలు ఉదహరించిన ఆధారాలకూ ఇదే నియమం. ముందుగా మూలాన్ని వెతకండి. దొరికితే చదివి దాన్నే ఉదహరించండి. దొరకకపోతే మూలం వివరాలు ఇచ్చి, 'ఉదహరించినవారు' అంటూ మీరు చదివిన గ్రంథం పేరు, పుట చేర్చండి. చూడని పుస్తకాన్ని చూసినట్టు రాస్తే, మధ్యవర్తి చేసిన తప్పు మీ పేరు మీదికి వస్తుంది.

7. స్కాన్ ప్రతులు, ఈ-పుస్తకాలు

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో విరివిగా దొరుకుతున్నాయి. వాటి పక్కన ఇచ్చిన రచయిత పేరు, సంవత్సరం చాలా సార్లు తప్పుగా ఉంటాయి. ఫైలు పేరును నమ్మకుండా స్కాన్‌లోని టైటిల్ పేజీ తెరిచి వివరాలు తీసుకోండి. ఆ పేజీయే స్కాన్‌లో లేకపోతే ఆ సంగతి పాదసూచికలో చెప్పండి.

పీడీఎఫ్ కిటికీలో కనిపించే సంఖ్య పుట సంఖ్య కాదు. అట్ట, పీఠిక, విషయసూచిక కలిసి రావడంతో పీడీఎఫ్‌లో 52 అని కనిపించేది అచ్చులో 36వ పుట కావచ్చు. కాగితం మీద అచ్చయిన సంఖ్యనే రాయాలి. పుట సంఖ్యలు లేని ఈ-పాఠమైతే అధ్యాయం, ఉపశీర్షిక ఇవ్వండి. వీలైతే ముద్రిత ప్రతి తెచ్చుకోవడం మేలు.

8. సూచిక సంఖ్య ఎక్కడ పెట్టాలి, దేనికి పెట్టాలి

సంఖ్య వాక్యం చివర, విరామ చిహ్నం తరువాత రావాలి. ఒక వాక్యంలో రెండు వేర్వేరు ఆధారాలుంటే రెండు సంఖ్యలు పెట్టకుండా, ఒకే పాదసూచికలో వాటిని సెమీకోలన్‌తో విడదీసి, ఏది దేనికో చెప్పండి.

పేరా మొత్తానికి చివర ఒకే సంఖ్య పెట్టి, అందులో 'పుటలు 40-120' అని రాయడం ఆధారం చూపడం కాదు. ఎనభై పుటల్లో చదువరి దేని కోసం వెతకాలి?

సూచిక తప్పనిసరి అయినవి:

- యథాతథంగా తీసుకున్న మాటలు
- మీ మాటల్లో చెప్పిన ఇతరుల వాదం
- తేదీలు, అంకెలు, వంశక్రమాలు, వివాదం ఉన్న గుర్తింపులు
- పటాలు, పట్టికలు

యథాతథంగా తీసుకున్న మాటలకు ఉద్ధరణ చిహ్నాలూ పాదసూచికా రెండూ ఉండాలి. పాదసూచిక ఇచ్చాం కదా అని చిహ్నాలు వదిలేస్తే అది గ్రంథచౌర్యం కిందికే వస్తుంది. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రాతలతో 10 శాతానికి మించి 40 శాతం దాకా పోలిక తేలితే, 6 నెలలకు మించని గడువులో సవరించి మళ్లీ సమర్పించాలి.

9. తరచూ దొర్లే పొరపాట్లు, వాటికి సవరణ

*గ్రంథసూచిలో ఉంది, పాదసూచికల్లో లేదు.* సాధారణంగా అది పేజీలు పెంచడానికి చేర్చిన పుస్తకం. తీసేయండి, లేదా నిజంగా వాడిన చోట సూచిక ఇవ్వండి.

*పాదసూచికల్లో ఉంది, గ్రంథసూచిలో లేదు.* ఇది మరుపు. పాదసూచికలను ఒక్కొక్కటిగా టిక్కు పెట్టుకుంటూ గ్రంథసూచితో పోల్చితే బయటపడుతుంది.

*తెలుగు, ఇంగ్లీషు పుస్తకాలు కలగాపులగం.* తెలుగు గ్రంథాలను అకారాది క్రమంలో, ఇంగ్లీషు గ్రంథాలను విడిగా ఇవ్వండి. తెలుగు పత్రంలో ఇంగ్లీషు గ్రంథాల పేర్లను టైటిల్ పేజీలో ఉన్న రోమన్ లిపిలో ఉంచితే కేటలాగులో వెతుక్కోవడం సులభం. పత్రిక తెలుగు లిపి కోరితే అన్నీ తెలుగు లిపిలోనే రాయండి.

*ఫాంటు మార్పిడి.* 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో టైపు చేసిన పత్రాన్ని యూనికోడ్‌లోకి మార్చాక విరామ చిహ్నాలు, ఒత్తులు తారుమారై ఉండవచ్చు. మార్పిడి తరువాత పాదసూచికలన్నీ మళ్లీ చదవాలి.

*పాదసూచికలను తయారుచేసి ఇచ్చే జొటీరో వంటి సాఫ్ట్‌వేర్ ఇచ్చినదాన్ని అలాగే ఉంచడం.* అది తెలుగు పేరును కూడా ముందు, వెనక అని విడదీసి కామా పెడుతుంది. తెలుగు రచయితల పేర్లను ఒకే గడిలో ఎక్కించే వీలు అందులో ఉంది, దాన్ని వాడండి. నెట్ నుంచి దిగిన వివరాలను మీ నోటుతో పోల్చకుండా వదలకండి.

10. పత్రం పంపే ముందు

ఈ పనిని పత్రం రాసిన రోజునే చేయకండి. ఒకటి రెండు రోజులు గడిచాక, వీలైతే కాగితం మీద ప్రింటు తీసి చూడండి.

- ఉద్ధరణలన్నీ మూలంతో అక్షరం అక్షరం పోల్చారా?
- మొదటిసారి వచ్చిన ప్రతి గ్రంథానికీ పూర్తి వివరం ఉందా? పేరాలు అటూ ఇటూ జరిపినప్పుడు కుదించిన రూపం ముందుకు వచ్చిందా?
- పుట సంఖ్య, సంవత్సరం రెండూ ఒకే ప్రతివేనా?
- సంకలనాల్లో అధ్యాయ రచయిత పేరు ముందు ఉందా?
- మీరు చూడని గ్రంథానికి 'ఉదహరించినవారు' అన్న మాట ఉందా?
- అనువాదం ఎవరిదో చెప్పారా?
- 'పైదే', 'పూర్వోక్తం' ఎక్కడైనా మిగిలాయా?
- ఊహించి చేర్చిన సంవత్సరాలు చదరపు కుండలీకరణాల్లో ఉన్నాయా?
- ఒకే రచయిత పేరు అన్నిచోట్లా ఒకే వర్ణక్రమంలో ఉందా?

చివరగా మీ పాదసూచికల్లో ఏవైనా ఐదింటిని మీ అంశంతో సంబంధం లేని మిత్రుడికి ఇచ్చి, ఆ పుటలు తెరవమని అడగండి. ఎక్కడ ఆగిపోయారో చూసి, ఆ పాదసూచికతో పాటు అదే గ్రంథానికి చెందిన మిగతావన్నీ సరిచేయండి.